సున్నా లైన్ల ఫైలు

పోస్టు కొంచెం పెద్దది. పోడు పట్టాల కాగితాలు ఊరి తరఫున టైప్ చేస్తున్నవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. మాకు జరిగింది ముందే చెప్పేస్తే కొందరికైనా ఒక రాత్రి నిద్ర మిగులుతుందని రాస్తున్నాం.

మేము గోపాలపట్నం హాస్టల్లో ఒకే రూములో ఉండే ముగ్గురం. ముగ్గురికీ కలిపి ఒక సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్. చందా వేసుకుని కొన్నాం, బ్యాటరీ పది నిమిషాలకి మించి రాదు కాబట్టి ఎప్పుడూ ప్లగ్గులోనే ఉంటుంది. లైసెన్స్ డబ్బులు లేక లినక్స్ వేసుకున్నాం. రెండు జీబీల సినిమా దాని మీద నీళ్ళలా ఆడుతుంది. అదే లాప్‌టాప్ ఆ రాత్రి 400 కేబీ ఉన్న ఒక తెలుగు టెక్స్ట్ ఫైలు దగ్గర బిగుసుకుపోయింది.

ఫైల్లో ఏముందో ముందు చెప్పాలి. మాది అనంతగిరి మండలం. ఊళ్ళో కొందరికి పోడు పట్టాలు వచ్చాయి, కొందరికి రాలేదు. రానివాళ్ళ కోసం అటవీ హక్కుల కమిటీ మళ్ళీ కాగితాలు సిద్ధం చేస్తోంది. 2006 చట్టం ప్రకారం మన ఎస్టీలం 2005 డిసెంబరు 13 నాటికే ఆ భూమి మా సాగులో ఉందని చూపించాలి. ఎలా చూపిస్తాం? మన తాతల దగ్గర రసీదులు ఉండవు కదా. అందుకే 2008 నియమాల్లో 13వ నియమం సాక్ష్యాల జాబితా ఇచ్చింది. అందులో ఒకటి, దరఖాస్తుదారు కాని ఊరి పెద్దవాళ్ళు చెప్పింది రాతలో పెట్టడం. అదొక్కటే సరిపోదు, ఇంకొన్ని కూడా జతచేయాలి. కానీ మా ఊళ్ళో చాలామందికి ముందుగా చేతికి దొరికేది అదే.

దసరా సెలవుల్లో ఇరవై మందికి పైగా పెద్దవాళ్ళని ఫోనులో రికార్డు చేశాం. హాస్టల్‌కి వచ్చాక ఆ ఆడియో ఒక ఫోనులో పెట్టి, పక్కన ఇంకో ఫోనులో వాయిస్ టైపింగ్ ఆన్ చేసి రాయించాం. మా ముసలోళ్ళ మాట దానికెక్కడ అర్థమవుద్ది! పోడు అంటే పాడు అని రాసింది. గెడ్డ అంటే గడ్డ. చోడి వేసేవోళ్ళం అంటే జోడి వేసేవోళ్ళం. "గెడ్డకి అవతల మా పోడు" అని తాత హద్దు చెప్తే "గడ్డకి అవతల మా పాడు" అయి కూర్చుంది. పైగా మనిషి ఊపిరి తీసుకున్న చోటల్లా ఎంటర్ కొట్టేసింది. రెండు మూడు మాటలకొక లైను. ఒక మనిషి మాట అయిపోయాక మాత్రం మేమే ఒక ఖాళీ లైను వదిలాం. పేర్లు వేరే నోట్‌బుక్‌లో వరసగా రాసుకున్నాం.

ఆడియో ఉన్న ఫోను సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు గెడ్డలో పడింది. కాబట్టి మిగిలింది ఈ ఫైలు ఒక్కటే.

ఆ రోజు సాయంత్రం నాలుగింటి నుంచి కూర్చుని దిద్దాం. ఒకడు చదవడం, ఒకడు సరిచేయడం. ఎనిమిదిన్నర దాటాక మాలో ఇద్దరం మెస్సుకి వెళ్ళాం. ఫస్టియర్ వాడు, మా చిన్నోడు, "మీరెళ్ళండి అన్నా, నేను మిగిలిన రీప్లేస్‌లు చేసేసి వస్తా" అన్నాడు. మేము తిరిగొచ్చేసరికి వాడి ముఖంలో రక్తం లేదు. స్క్రీన్ బూడిద రంగులోకి మారింది. కర్సర్ కొట్టుకోవట్లేదు. మధ్యలో చిన్న పెట్టె: ఈ ప్రోగ్రాం స్పందించడం లేదు. కింద రెండు బటన్లు. బలవంతంగా మూసేయ్ అని ఒకటి, ఆగు అని ఒకటి.

"సేవ్ చేశావురా?"

"లేదన్నా."

నాలుగున్నర గంటల పని ఆ బూడిద కిటికీ వెనక ఉండిపోయింది.

అప్పుడు మేం చేసిన మొదటి పని తప్పు పని. ముగ్గురం వంతులేసుకుని కీలు కొట్టాం. ఎంటర్, ఎస్కేప్, స్పేస్, కంట్రోల్ ఎస్ నాలుగైదు సార్లు, మౌస్ క్లిక్కులు లెక్కలేదు. ఇంటికి వచ్చినవాళ్ళు తలుపు తీయకపోతే కొట్టినట్టు కొట్టాం. దాని ఫలితం తర్వాత తెలిసింది.

ఎవడి అనుమానం వాడిది. వైరస్ అన్నాడొకడు. ర్యామ్ చాలలేదన్నాడొకడు. చిన్నోడు అన్న మాట మాత్రం మాకు గుచ్చుకుంది. "తెలుగు కదన్నా, ఎక్కువైపోతే కంప్యూటర్ తట్టుకోదేమో. ఇంగ్లీషులో రాసుకోవాల్సింది." క్లాసులో నోరు తెరవాలంటే మాకు ఇలాగే ఉంటది. ఏది ఆగిపోయినా ముందు మన భాషనీ మన చేతినీ అనుమానిస్తాం.

పెందుర్తిలో ఉండే సీనియర్ అన్నకి ఫోన్ చేశాం. ఆయన అడిగిన మొదటి ప్రశ్న మాకు విచిత్రంగా అనిపించింది. "ఫ్యాన్ సౌండ్ వస్తోందా?"

వస్తోంది. గట్టిగానే వస్తోంది.

"అయితే చావలేదురా. పని చేస్తోంది. ముయ్యొద్దు. ముందు డిస్క్ మీదున్న పాత ఫైలు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ తియ్యండి. తర్వాత టెర్మినల్ తెరిచి టాప్ అని కొట్టండి."

హ్యాంగ్ అనే ఒక్క మాటతో మనం రెండు మూడు వేరు వేరు జబ్బుల్ని పిలుస్తున్నామని ఆ రాత్రే మాకు తెలిసింది. టాప్ కమాండ్ నడుస్తున్న ప్రోగ్రాములన్నీ వరసగా చూపిస్తుంది. ఒక్కోదాని పక్కన ఒక అక్షరం ఉంటుంది. ఎస్ అని ఉంటే నిద్రలో ఉంది, దేని కోసమో ఎదురు చూస్తోంది. డి అని ఉంటే డిస్క్ లాంటిదాని దగ్గర ఇరుక్కుంది. ఆర్ అని ఉంటే పరిగెడుతోంది. మా ఎడిటర్ పక్కన ఆర్ ఉంది, సీపీయూ 100 శాతం. అంటే ఒక కోర్ మొత్తం అదే తినేస్తోంది. ర్యామ్ సగం ఖాళీగానే ఉంది, కాబట్టి ర్యామ్ మీద నింద పోయింది. ఎడిటర్ ఏదో లెక్క ఆపకుండా చేస్తోంది. ఆ లెక్క ఎప్పటికైనా పూర్తయ్యేదా, గానుగెద్దు తిరుగుడా? అది తేలితేనే రెండు బటన్లలో ఏది నొక్కాలో తేలుతుంది.

పక్క రూము వాళ్ళ లాప్‌టాప్ అడిగి తెచ్చుకున్నాం. మా దానికంటే బాగా స్పీడు, అదే లినక్స్, అదే ఎడిటర్. పెన్‌డ్రైవ్‌లోని పాత ఫైలు దాంట్లో తెరిచాం. రెప్పపాటులో తెరుచుకుంది. అదే తెలుగు, అదే 400 కేబీ. చిన్నోడి వైపు చూశాం. తెలుగు ఎక్కువై కాదురా.

ఈలోపు సీనియర్ అన్నకి ఒక పాత సంగతి గుర్తొచ్చింది. 2018 ఫిబ్రవరిలో ఒక్క తెలుగు అక్షరంతో ఐఫోన్లు కూలిపోయాయి. నిజంగానే జరిగింది. జకి ఞ ఒత్తు, దాని తర్వాత కంటికి కనపడని విడదీసే గుర్తు, దాని తర్వాత దీర్ఘం. ఈ వరసలో ఉన్న "జ్ఞా" మెసేజ్‌లో వస్తే ఆ యాప్ మూతపడేది, మళ్ళీ తెరిస్తే మళ్ళీ మూతపడేది. మ్యాక్ కంప్యూటర్లలో కూడా వచ్చింది. ఆపిల్ ఆ నెల 19న 11.2.6 అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది. తప్పు తెలుగుది కాదు, అక్షరాలు బొమ్మగా పేర్చే వాళ్ళ ప్రోగ్రాంది. అదే జబ్బు బెంగాలీ, దేవనాగరి అక్షరాల కొన్ని వరసలతో కూడా వచ్చిందని తర్వాత బయటపడింది.

ఆ కనపడని గుర్తు మన అందరి ఫోన్లలోనూ ఉంది. సాఫ్ట్‌వేర్ అని రాస్తే ట కింద వ ఒత్తు పడకుండా ఆపేది అదే.

మా ఫైలు నిండా "జ్ఞాపకం" ఉంది. ముసలోళ్ళు ప్రతి రెండో మాటకీ నాకు జ్ఞాపకం, నాకు జ్ఞాపకం అంటారు కదా. దొరికిందిరా దొంగ అనుకున్నాం. అనుమానం ఎంత అందంగా కుదిరిందంటే, పరీక్షించకుండానే నమ్మేద్దామనిపించింది. కానీ ఇప్పుడే తెరిచిన పాత ఫైల్లో కూడా అన్ని జ్ఞాపకాలూ ఉన్నాయి, అది బాగానే తెరుచుకుంది. కాబట్టి ఆ అక్షరం నిర్దోషి.

అయితే పాత ఫైలుకీ, బిగుసుకున్న దానికీ తేడా ఏంటి? ఆ సాయంత్రం మేం చేసిన మార్పులు. పక్క రూము లాప్‌టాప్‌లో పాత కాపీ మీద అవే మార్పులు ఒక్కొక్కటీ మళ్ళీ చేశాం. పాడు తీసి పోడు, అంతటా ఒకేసారి. బాగానే ఉంది. గడ్డ తీసి గెడ్డ. బాగానే ఉంది. జోడి తీసి చోడి. బాగానే ఉంది.

"ఇంకేటి చేశావురా?"

"ఇంకేం లేదన్నా."

"సరిగ్గా ఆలోచించు."

కాసేపటికి మెల్లిగా అన్నాడు. "ఎంటర్లు తీసేశానన్నా. లైనుకి రెండే మాటలున్నాయి కదా, ప్రింట్ తీస్తే పేజీలు ఎక్కువైపోతాయని. ఎంటర్ ఉన్నచోట స్పేస్ పెట్టమన్నా. ఒకటే సారి."

ప్రింటుకి పేజీకి ఎంతవుతుందో హాస్టల్లో ఉన్నవాడికి తెలుస్తుంది. వాడిని తిట్టబుద్ధి కాలేదు. అది మార్పే కాదు, ఖాళీ జాగానే కదా అనుకున్నాడు. అందుకే చెప్పలేదు. మేమైనా అలాగే అనుకునేవాళ్ళం.

కాపీ మీద ఆ పని కూడా చేసి, సేవ్ చేసి, ఎడిటర్లో తెరిచాం. ఆ లాప్‌టాప్ కూడా బిగుసుకుంది. డబ్బులు దొరికినంత సంతోషం! జబ్బుని మన చేత్తో మళ్ళీ తెప్పించగలిగితే సగం పట్టుకున్నట్టే. టెర్మినల్లో ఆ ఫైల్లో లైన్లెన్నో లెక్కపెట్టే కమాండ్ ఇచ్చాం. పాత ఫైలుకి వేలల్లో వచ్చింది. కొత్తదానికి 0. ఇరవై మంది పైచిలుకు పెద్దవాళ్ళ జీవితాలు, లైన్లు సున్నా. ఆ కమాండ్ లెక్కపెట్టేది ఎంటర్లని, అవి ఒక్కటి కూడా మిగల్లేదు.

ఎంటర్ కూడా ఒక అక్షరమే. మనకి కనపడదు కానీ ఫైల్లో దానికొక నంబరుంది, 10. యూనికోడ్‌లో తెలుగుకి కేటాయించిన గడులు 3072 నుంచి మొదలవుతాయి. ఒక్కో తెలుగు అక్షరానికి ఫైల్లో మూడు బైట్లు పడుతుంది. కాబట్టి 400 కేబీ అంటే గుణింతాలూ ఒత్తులూ విడివిడిగా లెక్కేస్తే దాదాపు లక్షా ముప్పై అయిదు వేలు. అవన్నీ ఇప్పుడు ఒకటే లైను.

దానికి ఎడిటర్ ఎందుకు కూలబడాలి? సీనియర్ అన్న చెప్పిందీ, మేం చూసిందీ కలిపి మాకు అర్థమైనంత చెప్తాం. ఇలాంటి చిన్న ఎడిటర్లు ఎంటర్ నుంచి ఎంటర్ దాకా ఉన్నదాన్ని ఒక మూటగా తీసుకుంటాయి. మూటలోని అక్షరాలు పేర్చి, ఏ ఒత్తు దేని కింద పడుతుందో చూసి, వెడల్పు కొలిచి, స్క్రీన్ అంచు దగ్గర ఎక్కడ మడవాలో తేల్చుకుంటాయి. రెండు మాటల మూట అయితే క్షణంలో పని. ఒక్క అక్షరం మారినా ఆ మూట వరకే మళ్ళీ పేర్చుకుంటాయి. ఫైలంతా ఒకే మూట అయితే, ఒక్క స్పేస్ కొట్టినా లక్షా ముప్పై అయిదు వేలూ మళ్ళీ మొదట్నుంచి. ఇంగ్లీషైనా ఇంతే. ఒకే లైనులో లక్ష ఇంగ్లీషు అక్షరాలు పెట్టినా చాలా ఎడిటర్లు ఇబ్బంది పడతాయి. ఈమాక్స్ అని ప్రపంచమంతా వాడే పాత ఎడిటర్ ఉంది, 1970ల నాటిది. పొడుగు లైన్ల బాధ దానికీ చాలా ఏళ్ళుంది, 2023లో వచ్చిన 29వ వెర్షన్లో బాగా తగ్గించారు. వీఎస్ కోడ్ అయితే ఒక లైనులో పదివేల అక్షరాల తర్వాత చూపించడం మానేస్తుంది. తట్టుకోలేనని ముందే ఒప్పుకోవడం అన్నమాట, అదీ ఒక తెలివే.

ఇప్పుడు అసలు ప్రశ్న. మా లాప్‌టాప్‌లో ఆ లెక్క పూర్తవుతుందా?

సున్నా లైన్ల కాపీని ముక్కలు చేసి పక్క రూము లాప్‌టాప్‌లో టైం చూశాం. ఎనిమిదో వంతు ముక్క నాలుగు సెకన్లు. నాలుగో వంతు పదహారు. సగం, ఒక నిమిషం దాటి కొంచెం. అందరం ఫోను కాలిక్యులేటర్ తీసి మళ్ళీ చూశాం. సైజు రెండింతలైతే టైం నాలుగింతలవుతోంది. అందుకే ఎక్కడో ఒక చెడ్డ మాట దాక్కుని లేదని కూడా తేలింది. అలాంటిది ఉంటే ఒక సగం బిగుసుకుని రెండో సగం హాయిగా తెరుచుకోవాలి. ఇక్కడ ఏ సగం పెట్టినా ఒకే టైం. తప్పు ఏ మాటలోనూ లేదు, పొడుగులోనే ఉంది.

మొత్తం ఫైలుకి ఆ లాప్‌టాప్‌లో నాలుగు నిమిషాల పైన. మా ముసలి లాప్‌టాప్‌లో దానికి రెట్టింపు, ఎనిమిది తొమ్మిది నిమిషాలు. అంటే ఈ పాటికి అయిపోవాలి. గంటన్నర దాటింది. ఎందుకు కాలేదు?

మేం కొట్టిన కీలు! ప్రతి ఎంటరూ, ప్రతి స్పేసూ వరసలో నిలబడి ఉన్నాయి, రేషన్ షాపు క్యూ లాగా. ఒక్కోదానికీ మూట మొత్తం విప్పి కట్టాలి. ముప్పై దాకా కొట్టామనుకున్నా నాలుగున్నర గంటలు. నయం ఏంటంటే ఆ క్యూలో కంట్రోల్ ఎస్ కూడా ఉంది.

కాబట్టి ఆగు బటన్ నొక్కాం. ఇక ఎవరూ కీబోర్డు ముట్టుకోకూడదని దాని మీద ప్లేటు బోర్లించాం.

పదకొండున్నరకి వర్షం మొదలైంది. సింహాచలం కొండ వైపు ఉరుములు. ఇప్పుడు కరెంటు పోతే? పది నిమిషాల బ్యాటరీ. మేం అనుకున్నట్టే పోయింది. చీకట్లో ఆ ఒక్క స్క్రీన్ వెలుగు, ఫ్యాన్ హోరు. స్క్రీన్ బ్రైట్‌నెస్ తగ్గించి, వైఫై ఆపి, గోడ గడియారం మీద ఫోను లైటు వేసి కూర్చున్నాం. చిన్నోడు ఏడవలేదు కానీ ఏడ్చినంత పని చేశాడు. బయట గూడ్సు బండి వెళ్తోంది. కిరండూల్ నుంచి ఇనుప రాయి వేసుకుని మా కొండల్లోంచే దిగి పోర్టుకి పోయే బండ్లు రాత్రంతా ఇటు వెళ్తాయి, మామూలుగా మాకు వినిపించవు కూడా. ఆ రాత్రి పెట్టెలు లెక్కపెట్టాం. ఏడు నిమిషాలకి కరెంటు వచ్చింది.

ఆ తర్వాత మేము బూడిద కిటికీ వైపు చూడటం మానేశాం. టెర్మినల్లో ఫైలు పక్కన చివరిగా సేవ్ అయిన టైం కనిపిస్తుంది, పది నిమిషాలకోసారి అదే చూశాం. సాయంత్రం 4:02. మళ్ళీ 4:02. ఒంటిగంటన్నర దాటాక చూస్తే 1:41. ముగ్గురం ఒకేసారి లేచి నిలబడ్డాం. ఎడిటర్ ఇంకా బిగుసుకునే ఉంది, కానీ క్యూలోని కంట్రోల్ ఎస్ వంతు వచ్చింది. ఆ ఫైలు కాపీ తీసి అందులో పోడు అని వెతికాం. ఉన్నాయి. గెడ్డలున్నాయి, చోడి ఉంది. చేత్తో దిద్దినవీ ఉన్నాయి. సైజు కూడా సరిపోయింది. అప్పుడు బలవంతంగా మూసేయ్ నొక్కాం. నొక్కింది చిన్నోడే.

ఎంటర్లు తిరిగి పెట్టడం ఇంకో రెండు రోజుల పని. పాత కాపీలో ఖాళీ లైన్లు ఎక్కడున్నాయో చూసి, చుట్టుపక్కల మాటలు కొత్త ఫైల్లో వెతికి, మనిషికీ మనిషికీ మధ్య ఎంటర్ కొట్టాం. ఒక్క చోట తప్ప అన్నీ దొరికాయి. ఆ సాయంత్రమే ఒకచోట ముక్కలు తారుమారయ్యాయని కోసి అతికించాం. ఆ అతుకు పాత కాపీలో లేదు. ఒక మామ్మ మాట ఎక్కడ ఆగి, తర్వాతి తాత మాట ఎక్కడ మొదలైందో కాగితం మీద తేల్చలేకపోయాం. చదివితే ఇద్దరివీ ఒకరి మాటల్లాగే ఉన్నాయి.

ఆదివారం పొద్దున్నే కిరండూల్ పాసింజర్ ఎక్కి, బొర్రా గుహలు స్టేషన్లో దిగి ఊరికి నడిచాం. మామ్మ గుమ్మంలో చింతపండు గింజ తీస్తోంది. పక్కన కూర్చుని మెల్లిగా చదివాం. ఆమె పని ఆపకుండా వింది. "పెద్దగుంట కడుపులో ఉన్నప్పుడు ఆ మెట్ట మీద సామలు వేసినాం" దగ్గర తలూపింది. "గెడ్డ కాడ రాయి హద్దు" దగ్గర తలూపింది. ఆగకుండా చదువుకుంటూ పోయాం. "రైలు సొరంగాలకి కొండ పేలుస్తున్నప్పుడు మా అయ్య అక్కడ చోడి..."

చెయ్యి ఎత్తింది.

"అది నాది కాదురా. సొరంగాలు పేల్సినప్పటికి నాను ఈ ఊరే రాలేదు. నన్ను ఈ ఊరికి ఇచ్చింది ఆ తర్వాత. అది తాత సెప్పినాడు."

ఆ లైన్లు 1960ల్లో వేశారు. ఆమె ఆ ఊళ్ళో లేని కాలం గురించి ఆమె పేరు మీద సాక్ష్యం పెట్టబోయాం మేము. ఎవరైనా ఒక్క ప్రశ్న అడిగితే ఆమె చెప్పిన మిగతాదంతా కూడా అబద్ధమైపోయేది.

లాప్‌టాప్ తేలేదు, ఫైలు ఫోనులో ఉంది. "హద్దు" తర్వాత వేలు పెట్టి ఎంటర్ కొట్టాం, ఇంకోసారి కొట్టాం. మామ్మ ఫోను వైపు వంగి చూసి, "ఇప్పుడు మొదట్నుంచి సదువు" అంది.